అమ్మానాన్నలు అడిగేది మార్కులేనా?



మాస్టారి పేరు మీద ఏటా జరిగే ఈ ఉపన్యాసానికి విషయం నన్నే ఎంచుకోమన్నారు. ఆయన సర్వీసంతా ఒకటి, రెండు తరగతులకే పాఠం చెప్పారు. పై తరగతులు ఇస్తామన్నా తీసుకోలేదు. అందుకని నేనూ చిన్న తరగతుల గురించే మాట్లాడదామనుకున్నాను. అందులోనూ ఒక్క సంగతి: అయిదారేళ్ల పిల్లలకి రాత పరీక్షలు పెట్టడం గురించి వాళ్ల అమ్మానాన్నలు ఏమనుకుంటున్నారు? ఎందుకలా అనుకుంటున్నారు?

చదువుల గురించి రాసేవాళ్లు తల్లిదండ్రుల ప్రస్తావన వచ్చేసరికి ఒకే మాట అంటారు, వాళ్లకి మార్కుల పిచ్చి అని. పిల్లల మీద ఒత్తిడి పెంచేది వాళ్లేనని, వాళ్లని మార్చాలని, వాళ్లకి అవగాహన సదస్సులు పెట్టాలని. నేను ఈ మాట ఒప్పుకోను. ఎన్నో ఏళ్లుగా బళ్లలో తల్లిదండ్రుల సమావేశాలకి వెళ్తున్నాను. అక్కడ నేను విన్నది పిచ్చి కాదు, ఆరా. బడిలో ఏం జరుగుతోందో తెలుసుకోవాలని తాపత్రయపడేవాళ్లకి మనం తెరిచిపెట్టిన కిటికీ ఒక్కటే, అది ప్రోగ్రెస్ కార్డు. అందులోంచే చూస్తున్నారని వాళ్లని తప్పుపట్టడం న్యాయం కాదు.

కూలికి వెళ్లే తల్లి ఒకామె నాతో అన్న మాట చెబుతాను. "నాకు చదువు రాదు సార్. వాడు పుస్తకం తెరిచి గడగడా ఏదో అంటాడు. చదువుతున్నాడో, నోటికొచ్చింది అప్పజెబుతున్నాడో నాకెట్టా తెలుస్తది? మార్కులైతే అంకెలు గదా, అయ్యి నేనూ చూసుకోగలను." పరీక్షల మీద నేను చదివిన పెద్ద పెద్ద వ్యాసాల్లో దేంట్లోనూ ఇంత సూటిగా సమస్యని చెప్పినవాళ్లు కనపడలేదు. ఆమెకి కావలసింది అంకె కాదు. తన కొడుక్కి చదవడం వచ్చిందో లేదో తెలియాలి. అది తెలుసుకోడానికి మనం ఆమె చేతికి ఇచ్చింది అంకె ఒక్కటే.

ఆటో నడిపే ఒక తండ్రి బాధ ఇంకో రకం. అప్పు చేసి ప్రైవేటు బడిలో ఫీజు కడుతున్నాడు. "కట్టిన డబ్బుకి ఏదో ఒకటి చూపించాలి కదండీ" అన్నాడు. నెలనెలా యూనిట్ టెస్ట్, వారం వారం స్లిప్ టెస్ట్, దాని కింద ర్యాంకు: ఇవి ఆయనకి రసీదులు. ప్రభుత్వ బడికి పంపే తల్లిదండ్రుల్లో చాలామంది "పరీక్షలు పెట్టని బడి ఏం బడి" అంటారు. "పరీక్ష ఉందంటేనే పుస్తకం తీస్తదండీ, లేకపోతే తియ్యదు" అనే అమ్మమ్మలు ప్రతి సమావేశంలోనూ ఉంటారు.

చదువుకున్నవాళ్ల సంగతి కూడా చెప్పాలి. హైదరాబాదులో, విజయవాడలో, విశాఖపట్నంలో మంచి ఉద్యోగాలు చేసుకుంటున్న దంపతుల్లో చాలామంది రెసిడెన్షియల్ కాలేజీల్లో ఇంటర్ చదివి వచ్చినవాళ్లు. ఆ రెండేళ్లు ఎలా గడిచాయో వాళ్లకి తెలుసు. అందుకే పిల్లల్ని మొదట పరీక్షలు లేని బడిలో, ఆటపాటల బడిలో వేస్తారు. రెండో తరగతి వరకు గర్వంగా చెప్పుకుంటారు. మూడో తరగతి వచ్చేసరికి గుండెల్లో రాయి పడుతుంది. పక్క ఫ్లాట్ పిల్ల ఒలింపియాడ్‌కి వెళ్తోంది, ఇంకో పిల్లాడికి ఫౌండేషన్ కోర్సు మొదలుపెట్టారు, మనవాడు వెనకబడిపోతాడేమోనని. బడి మార్చేస్తారు. వాళ్ల నమ్మకం మారలేదు, భయం గెలిచింది. ఈ భయానికి కారణాలు లేవని నేను అనను. మన రాష్ట్రాల్లో పోటీ ఎంత ముందుగా మొదలవుతుందో కాసేపట్లో చెబుతాను.

ముందు ఒక ప్రశ్నపత్రం దగ్గర ఆగుదాం. ఒకటో తరగతి, ఇంగ్లీషు మీడియం, పరిసరాల విజ్ఞానం, ఇరవై మార్కులు. మనకి పాలిచ్చే జంతువు పేరు రాయమని ఒక ఖాళీ. నోట్సులో ఉన్న జవాబు 'కౌ'. ఒక పిల్ల 'బఫెలో' అని రాసింది, స్పెల్లింగులో ఒక ఎఫ్ తగ్గింది. వాళ్లింట్లో రెండు గేదెలున్నాయి, ఆవు లేదు. జవాబు మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత పడింది. ఆ గీత కింద ఎంత చదువు ఉందో చూడండి. ప్రశ్న తనంతట తాను చదువుకుంది. దాన్ని తన ఇంటి పెరడుతో కలుపుకుంది. నోట్సులో లేని, నాలుగక్షరాల్లో తేలని ఇంగ్లీషు మాట ఒకటి గుర్తు తెచ్చుకుంది. అది రాయడానికి ధైర్యం చేసింది. అదే తరగతిలో 'కౌ' అని చక్కగా రాసి మార్కు తెచ్చుకున్న పిల్లాడికి ఆ మాటనే వేరే పుస్తకంలో చూపిస్తే చదవలేకపోయాడు. మూడో ఖాళీలో ఏం రాయాలో వాడికి వరస గుర్తుంది, అంతే. కార్డు ఇంటికి వెళ్లింది. ఆ పిల్ల తల్లి "ఒక మార్కు ఎక్కడ పోయిందే?" అని నిలదీసింది. తల్లి తప్పు ఏముంది? ఆమెకి కార్డు చెప్పింది అంతే.

పరీక్ష ముందు రోజు ఏం జరుగుతుందో ఇక్కడున్న అందరికీ తెలుసు. నోట్సులో ముఖ్యమైన ప్రశ్నలకి టిక్కులు పెట్టి పంపిస్తారు. రాత్రి తొమ్మిదింటికి, నిద్రతో తూలుతున్న పిల్లతో పదిసార్లు రాయిస్తారు. పొద్దున్నే కడుపునొప్పి అంటుంది. ఆ కడుపునొప్పి అబద్ధం కాదు.

వయసు సంగతి ఇంకొకటి ఉంది, దీన్ని మనం పెద్దగా పట్టించుకోం. ఒకే తరగతిలో జూన్‌లో పుట్టిన పిల్ల, మరుసటి ఏడు మే నెలలో పుట్టిన పిల్ల పక్కపక్కన కూర్చుంటారు. ఇద్దరికీ దాదాపు ఏడాది తేడా. పదిహేనేళ్ల వయసులో ఆ ఏడాది కనపడను కూడా కనపడదు. ఆరేళ్ల వయసులో అది పిల్ల బతికిన కాలంలో ఆరో వంతు. పెన్సిలు పట్టే వేళ్లలో, గీతల మధ్య అక్షరం ఇమిడ్చే ఓపికలో, అరగంట కదలకుండా కూర్చోవడంలో ఆ తేడా అంతా బయటపడుతుంది. ఇద్దరికీ ఒకే పేపరిచ్చి ఒకరికి మూడో ర్యాంకు, ఇంకొకరికి ముప్పయ్యో ర్యాంకు వేస్తే మనం కొలిచింది తెలివిని కాదు, పుట్టిన నెలని.

ఈ సంగతులు చట్టం చేసినవాళ్లకి తెలియవా అంటే, తెలుసు. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం బడిలో చేర్చుకోడానికి పిల్లలకి గానీ, వాళ్ల తల్లిదండ్రులకి గానీ ఎంపిక పరీక్ష పెట్టకూడదు. పెడితే మొదటిసారి 25,000 రూపాయల వరకు, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 రూపాయల వరకు జరిమానా. అయినా ఎల్‌కేజీ సీటుకి తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి మీ చదువేమిటి, ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడిగే బళ్లు ఇవాళ్టికీ ఉన్నాయి. పిల్లలకి భయం, ఆందోళన లేకుండా నేర్పాలని, వాళ్లకి ఏం అర్థమైందో నిరంతరం గమనిస్తూ ఉండాలని అదే చట్టంలో రాసి ఉంది. ఎనిమిదో తరగతి దాకా ఎవర్నీ అదే తరగతిలో ఆపకూడదని కూడా ఉండేది. వీటిలో జనంలోకి వెళ్లింది ఆఖరి మాట ఒక్కటే. అదీ 'అందరూ పాస్' అన్న రూపంలో వెళ్లింది. నిరంతరం గమనించడం అన్నది బళ్లలో కాగితాల పనిగా మారింది. మన దగ్గర నిర్మాణాత్మక మూల్యాంకనం అని పెట్టి పిల్లల భాగస్వామ్యం, రాత పనులు, ప్రాజెక్టు పనులు, లఘు పరీక్ష అని నాలుగు భాగాలు చేశారు. ఆలోచన మంచిదే. కానీ తల్లిదండ్రులు చూసిందేమిటి? రాత్రికి రాత్రి చార్టు కొనుక్కురావడం, నెట్ సెంటర్‌లో బొమ్మలు ప్రింటు తీయించి అతికించడం. మార్కుల చోట గ్రేడులు వచ్చాయి. 'బి ప్లస్' అంటే మా అమ్మాయికి చదవడం వచ్చినట్టా, రానట్టా అని అడిగితే జవాబు చెప్పినవాళ్లు లేరు. పాత పరీక్షలే నయం అని వాళ్లు అనుకున్నారంటే ఆశ్చర్యమేముంది?

వాళ్ల అనుమానం ఉత్తదేం కాదని ప్రథమ్ సంస్థ 2005 నుంచి చేయిస్తున్న అసర్ సర్వేలు చెబుతూనే ఉన్నాయి. 2022 సర్వేలో దేశంలోని పల్లెల్లో అయిదో తరగతి చదువుతున్న పిల్లల్లో రెండో తరగతి స్థాయి కథని చదవగలిగింది నూటికి 43 మంది. మిగతావాళ్లంతా అయిదేళ్లు బడికి వెళ్లినవాళ్లే. ఏటా కార్డులు తెచ్చుకున్నవాళ్లే. కరోనా కాలపు దెబ్బ అందులో ఉంది, నిజమే. కానీ కరోనాకి ముందు 2018లో కూడా ఆ అంకె సగానికి అటూ ఇటూనే. ఆ పిల్లల తల్లిదండ్రులకి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. నాకు కోపం వచ్చేది ఇక్కడ. చిన్న తరగతుల్లో పరీక్షలు వద్దనేవాళ్లలో నేనూ ఒకణ్ని. కానీ పిల్లకి చదవడం రావడం లేదన్న సంగతి అయిదేళ్ల పాటు తల్లికి తెలియకుండా ఉండడం కంటే పరీక్ష పెట్టి చెప్పడమే మేలంటాను. మనం ఆ రెండూ కాకుండా మూడో దారి పట్టలేదు గనకే తల్లిదండ్రులు పరీక్షల వైపు నిలబడ్డారు.

పోటీ ఎంత ముందుగా మొదలవుతుందో చెబుతానన్నాను. 1971లో సర్వేల్ గ్రామంలో మొదటి గురుకుల పాఠశాల పెట్టినప్పటి నుంచి మన ప్రాంతంలో పేద ఇంటి పిల్లకి మంచి చదువంటే గురుకులం. ఇవాళ గురుకులాల్లో అయిదో తరగతిలో చేరాలంటే నాలుగో తరగతిలో ఉండగానే ప్రవేశ పరీక్ష రాయాలి. జవాబుల గడులు నింపాలి. నవోదయలో ఆరో తరగతి సీటు కావాలంటే అయిదో తరగతిలో పరీక్ష. కోరుకొండ సైనిక్ స్కూలుకీ అంతే. అంటే చట్టం వద్దన్న ఎంపిక పరీక్షని, పేదవాళ్లకి ఉన్న అతి మంచి అవకాశం ముందే ప్రభుత్వం పెట్టింది. సీట్లు తక్కువ, పిల్లలు ఎక్కువ, కాబట్టి ఏదో ఒక వడపోత తప్పదంటారు. సరే. కానీ తొమ్మిదేళ్లకి ఆ పరీక్ష ఉందని తెలిసిన తండ్రి ఆరేళ్లకే అలవాటు చేయాలనుకుంటే అతన్ని మూర్ఖుడనడానికి నాకు నోరు రాదు. గురుకులం కోచింగ్ అని మూడో తరగతి పిల్లల్ని సాయంత్రాలు కూర్చోబెట్టే ఇళ్లు పల్లెల్లో కూడా కనిపిస్తున్నాయి.

ఇంగ్లండులో ఇదే విషయం ఇంకో రకంగా నడిచింది. అక్కడ ఏడేళ్ల పిల్లలకి జాతీయ పరీక్షలు 1991లో మొదలయ్యాయి. 2016 మే 3న వేలాదిమంది తల్లిదండ్రులు ఆ పరీక్షలకి నిరసనగా పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లో ఉంచేశారు. ఏడేళ్ల పరీక్షలు 2023-24 నుంచి తప్పనిసరి కాకుండా పోయాయి. అక్కడి తల్లిదండ్రులు పరీక్షలు వద్దని వీధికెక్కితే, మనవాళ్లు కావాలంటారెందుకు? వాళ్లు పిల్లల్ని మనకంటే ఎక్కువ ప్రేమిస్తారనా? కాదు. ఆ ఊళ్లలో తల్లి రాత్రి పడుకునే ముందు పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని కథల పుస్తకం చదివిస్తుంది. తన భాషలోనే ఉంటుంది, తనకి చదువు వచ్చు. పిల్ల ఎక్కడ తడబడుతోందో ఆమెకి బడికంటే ముందే తెలుసు. పరీక్ష ఆమెకి కొత్తగా చెప్పేదేమీ లేదు. మన తల్లికి పరీక్ష ఒక్కటే దిక్కు. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాల వాళ్లు కొందరు మొదట్లో "ఇక్కడ పరీక్షలే సరిగా లేవు, పిల్లలు ఏం నేర్చుకుంటున్నారో" అని నాతో వాపోయారు. ఆ పోలిక వాళ్లకి మన కార్డుల నుంచి వచ్చింది.

ఇంగ్లండులోనే 2012 నుంచి ఆరేళ్ల పిల్లలకి ఇంకో చిన్న పరీక్ష ఉంది. రాసేది కాదు. తమ టీచర్ దగ్గర ఒక్కొక్కరే కూర్చుని నలభై మాటలు పైకి చదవాలి. అందులో సగం అర్థం లేని, పుట్టించిన మాటలు. బట్టీ పట్టడానికి వీల్లేకుండా, అక్షరాలు కలిపి చదవడం వచ్చిందో లేదో చూడడానికి అలా పెట్టారు. దాన్నీ విమర్శించేవాళ్లున్నారు. అర్థం లేని మాటలు చదివించడమేమిటని అడిగేవాళ్ల మాటలో బలముంది. కానీ ఒక్కొక్క పిల్లనీ విడిగా కూర్చోబెట్టుకుని వినడం అన్న పద్ధతి మాత్రం మనం పట్టుకోవలసిందే. అసర్ చేసేదీ అదే. ఇంటి అరుగు మీద కూర్చుని అక్షరాలు, మాటలు, చిన్న పేరా, కథ ఒకటి తర్వాత ఒకటి చూపిస్తారు. పిల్ల ఎక్కడిదాకా వెళ్లగలిగితే అక్కడిదాకా. పక్కన తల్లి నిలబడి వింటుంది. ఒక పిల్లకి కొద్ది నిమిషాలు చాలు. ఆ కొద్ది నిమిషాల్లో తెలిసేది ఏడాది పొడవునా పెట్టిన పేపర్లలో తెలియదు.

మన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా 2022లో స్పష్టంగా చెప్పింది. ఎనిమిదేళ్ల వయసు వరకు, అంటే రెండో తరగతి అయ్యేదాకా, పరీక్షలు తగవు, పిల్లని గమనించి, పిల్ల చేసిన పనిని చూసి తెలుసుకోవాలి అని. నిపుణ్ భారత్ అనండి, తెలంగాణలో 2022లో మొదలైన తొలిమెట్టు అనండి, వీటి లక్ష్యం కూడా చిన్న తరగతుల్లోనే చదవడం, లెక్క రావాలన్నదే. కాగితం మీద అన్నీ ఉన్నాయి. లేనిదల్లా తల్లికి చెప్పే పద్ధతి.

కార్డు మీద అంకె బదులు ఇలా రాసి ఉందనుకోండి: 'సరళ పదాలు తడుముకోకుండా చదువుతోంది. గుణింతంలో ఎత్వం, ఏత్వం తికమకపడుతోంది. ఒత్తులు ఇంకా రాలేదు, సంక్రాంతికి వస్తాయి. ఇరవైలోపు కూడికలు వేళ్ల మీద చేస్తోంది.' ఇది ఏ తల్లికైనా అర్థమవుతుంది. చదువు రాని తల్లికి టీచరు చదివి వినిపించవచ్చు. అంతకంటే మంచి దారి, పిల్లే ఆమె ముందు చదవడం. చూడని పేజీ, తెలుగులో. ఇది ముఖ్యం. ఇంగ్లీషు పేజీ గడగడా చదివితే, కూలికి వెళ్లే ఆ తల్లికి మళ్లీ ఏం తెలియదు. తెలుగు పేజీ చదివితే, తనకి అక్షరం రాకపోయినా, ఎక్కడ ఆగింది, ఎక్కడ మాట విరిచింది, కథ అర్థమై నవ్విందా లేదా ఆమెకి తెలుస్తుంది. ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషు అచ్చేసిన పాఠ్యపుస్తకాలు ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. ఆ తెలుగు పక్కకి ఇంతకంటే మంచి ఉపయోగం నాకు కనపడదు.

ఉపాధ్యాయ మిత్రులు ముందు వరసలో గుసగుసలాడుకుంటున్నారు, టైమెక్కడ సార్ అని. న్యాయమైన ప్రశ్న. చట్టం లెక్క ప్రకారమే అరవైమంది పిల్లలకి ఇద్దరు టీచర్లు, అయిదు తరగతులు. ఒకే టీచరున్న బళ్లు ఎన్నో ఉన్నాయి. దానికి తోడు యాప్‌లు, ఫొటోలు, అప్‌లోడ్లు. అందుకే నేను అడిగేది ఇంకో పని కలపమని కాదు, ఒక పని తీసేయమని. ఒకటి, రెండు తరగతులకి రాత పరీక్షల పేపర్లు పెట్టడం, దిద్దడం, మార్కులు ఎక్కించడం మొత్తంగా ఆపేయండి. ఆ గంటలన్నీ పిల్లలు చదువుతుంటే వినడానికి పెట్టండి. రోజుకి అయిదుగురు చాలు. ర్యాంకులు అసలే వద్దు. మూడో తరగతి నుంచి రాత పరీక్ష ఉండవచ్చు, కానీ జవాబు నోట్సులో లేని ప్రశ్న కనీసం సగం ఉండాలి, గేదె అని రాసిన పిల్లకి మార్కు రావాలి.

అయిదో తరగతిలో ఆపేయడం గురించి ఒక మాట చెప్పాలి. విద్యాహక్కు చట్టానికి 2019లో వచ్చిన సవరణతో అయిదు, ఎనిమిది తరగతుల్లో ఏటా పరీక్ష పెట్టమన్నారు. తప్పినవాళ్లకి అదనంగా చెప్పి రెండు నెలల్లో మళ్లీ పరీక్ష పెట్టాలి. అప్పటికీ రాకపోతే ఆపాలా వద్దా అన్నది ప్రభుత్వాల ఇష్టానికి వదిలారు. కేంద్రం తన బళ్లకి 2024 డిసెంబరులో ఆపవచ్చని నిబంధన తెచ్చింది. చాలామంది తల్లిదండ్రులు దీన్ని మెచ్చుకున్నారు, ఇప్పుడైనా భయం ఉంటుందని. వాళ్లతో నాకు ఇక్కడ భేదం ఉంది, అది దాచను. పాత రోజుల్లో ఏడో తరగతి కామన్ పరీక్ష తప్పిన ఆడపిల్లలు ఎంతమంది పొలానికి, అక్కణ్నుంచి పెళ్లిపీటల మీదికి వెళ్లిపోయారో ఇక్కడున్న పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఆపడం వల్ల చదువు వచ్చినవాళ్ల కంటే బడి మానేసినవాళ్లని నేను ఎక్కువ చూశాను. పదేళ్ల పిల్లకి చదవడం రాకపోతే ఆ తప్పు ఒకటో తరగతిలో జరిగింది. దానికి అయిదో తరగతిలో ఆ పిల్లకే శిక్ష వేస్తామంటే నేను ఒప్పుకోలేను. ఒకటో తరగతిలోనే ఆ తల్లికి చెప్పి ఉంటే, ఈ అయిదో తరగతి పరీక్ష అవసరం ఎంతమందికి ఉండేది?

చివరిగా నిర్వాహకులకి ఒక మనవి. మాస్టారి పేరు మీదున్న నిధి వడ్డీ ఏటా ఉపన్యాసానికి, శాలువాకి, భోజనాలకి ఖర్చవుతోంది. వచ్చే ఏడాది శాలువా వద్దు, భోజనం తగ్గించండి. ఆ డబ్బుతో మన ఊరి రెండు ప్రాథమిక పాఠశాలలకి, తరగతిలో ఎవరూ చూడని తెలుగు కథల పుస్తకాలు కొనండి. దసరా సెలవులకి ముందు ఒకసారి, సంక్రాంతి తర్వాత ఒకసారి, ఒకటి రెండు తరగతుల పిల్లలు ఒక్కొక్కరూ తమ అమ్మ ముందో నాన్న ముందో అమ్మమ్మ ముందో ఒక పేజీ చదువుతారు. పక్కన టీచరు కూర్చుంటారు. ఏం వచ్చిందో, ఏం రావాలో, ఎప్పటికి వస్తుందో తెలుగులో చెబుతారు. అందరి ముందూ వద్దు, మైకు వద్దు, ఫొటోలు వద్దు, బహుమతులు అసలు వద్దు. పిల్లకీ ఇంటివాళ్లకీ మధ్య జరిగేది అది. వినడానికి మనుషులు చాలకపోతే నేనూ వచ్చి కూర్చుంటాను, ఇక్కడున్న రిటైరైన మాస్టార్లంతా రావచ్చు. ఒక్క సంగతి మాత్రం మరిచిపోవద్దు. మధ్యాహ్నం పెడితే కూలి పోతుందని తల్లులు రారు. సాయంత్రం ఆరు తర్వాత పెట్టండి. బడి వరండాలో ఒకే బల్బు ఉంది, ఇంకో రెండు వేయించాలి.